సగం బ్లేడు సొగసు

గుజరాతీలో క్షౌరకత్తిని 'అస్త్రో' అంటారు. మరమగ్గాల్లో పని వెతుక్కుంటూ వరంగల్ నుంచో కరీంనగర్ నుంచో సూరత్ చేరిన తెలుగువాడు క్షౌరశాల కుర్చీలో కూర్చుని తొలిసారి ఆ మాట వింటే ఉలిక్కిపడే అవకాశం లేకపోలేదు. నిజానికి దానికీ రామబాణానికీ చుట్టరికం లేదు. పారశీకం నుంచి వచ్చిన మాట గుజరాత్‌లో అస్త్రో అయింది, హైదరాబాద్‌లో ఉస్తరాగా స్థిరపడింది. భాషలు వేరైనా గడ్డం మీద గీసే గీత ఒక్కటే.

సూరత్ నుంచి వరాఛా, సర్థాణాల మీదుగా సాగే రోడ్డు కామ్‌రేజ్ దగ్గర ముంబై-అహ్మదాబాద్ జాతీయ రహదారిని తాకుతుంది. లారీలు, బస్సులు, సౌరాష్ట్రలోని సొంత ఊళ్లకు వెళ్లే కుటుంబాలు, షిఫ్టు దిగిన కార్మికులు... అందరూ ఆగే చోటు. ఇలాంటి కూడళ్లలో టీ కొట్టు ఎంత సహజమో క్షౌరశాల కుర్చీ కూడా అంతే సహజం. ఆ కుర్చీ పక్కన జరిగే పని మాత్రం కామ్‌రేజ్‌లోనైనా కాజీపేటలోనైనా ఒకటే. రెండంచుల బ్లేడును కాగితం విప్పకుండానే రెండు చేతుల వేళ్లతో పట్టుకుని నిలువునా వంచుతారు. టక్‌మని విరుగుతుంది. ఒక సగం కత్తిలోకి వెళ్తుంది, రెండో సగం తర్వాతి గడ్డం కోసం కాగితంలోనే ఎదురుచూస్తుంది.

చప్పుడంటూ చేయని ఈ సగం బ్లేడుకు ఇప్పుడు ప్రపంచమంతటా అభిమానులున్నారు. మూడు, నాలుగు, అయిదు బ్లేడ్ల ప్లాస్టిక్ కార్ట్రిడ్జ్‌లతో విసిగిన మగవాళ్లు మళ్లీ ఒకే అంచు ఉన్న రేజర్ల వైపు చూస్తున్నారు. కొందరు తాతల కాలం నాటివి వెతికి పట్టుకుంటున్నారు. మరికొందరు స్టెయిన్‌లెస్ స్టీల్‌తోనో టైటానియంతోనో చెక్కిన కొత్తవాటికి వందల డాలర్లు పోస్తున్నారు. అమెరికాలో లీఫ్ అనే కంపెనీ 'ట్విగ్' పేరుతో ఒక రేజర్ తయారు చేసింది. అది వాడాలంటే రెండంచుల బ్లేడును మధ్యకు విరిచి సగం ముక్క అమర్చాలి. కామ్‌రేజ్‌లో రోజుకు పాతికసార్లు జరిగే పని అక్కడ కొత్త ఆవిష్కరణ.

ఇందులో వెటకారమే కాదు, విషయం కూడా ఉంది. ఒంటి అంచు రేజర్‌లో సుఖం ఉన్నమాట నిజం. దాన్ని కొనుక్కునేవాళ్లు అబద్ధమేమీ చెప్పడం లేదు.

ఆ సుఖం ఎక్కడిదో అర్థం కావాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి. గడ్డం గీసుకోవాలంటే ఒకప్పుడు పొడవాటి మడత కత్తి ఒక్కటే దిక్కు. దాన్ని పట్టుకోవడానికి నేర్పు కావాలి, పదును నిలపడానికి సానరాయి, తోలుపట్టీ కావాలి. 1880లో న్యూయార్క్‌లో కాంఫ్ సోదరులు ఆ కత్తిలోంచి చిన్న ముక్కను మాత్రం తీసుకుని, దానికో రక్షణ పళ్లెం, పిడి తగిలించి 'స్టార్' అనే రేజర్‌కు పేటెంటు తీసుకున్నారు. ఒంటి అంచు సేఫ్టీ రేజర్ల వంశానికి మూలపురుషుడు అదే. అయితే అందులోని ముక్కకూ సాన పట్టక తప్పేది కాదు.

ఆ బెడద తప్పించినవాడు కింగ్ క్యాంప్ జిల్లెట్. వాడి పారేసే పల్చటి ఉక్కు రేకు, దానికి రెండు అంచులు. అమ్మకాలు మొదలైన 1903లో పోయినవి 51 రేజర్లు, 168 బ్లేడ్లు. తర్వాతిది అందరికీ తెలిసిన కథే. మొదటి ప్రపంచయుద్ధంలో అమెరికా సైనికుల సంచుల్లోకి లక్షల రేజర్లు చేరాయి, యుద్ధం ముగిశాక ఇళ్లకూ వెళ్లాయి. రేజర్ చౌకగా ఇచ్చి బ్లేడ్ల మీద సంపాదించడం జిల్లెట్ మొదటి రోజు నుంచీ వేసిన ఎత్తు అని వ్యాపార పాఠాల్లో చెబుతుంటారు. అది పూర్తి నిజం కాదు. తొలినాళ్లలో ఆయన రేజర్ ధర అయిదు డాలర్లు, ఆ రోజుల్లో అది సామాన్యుడికి బరువే. 1921లో పేటెంట్ల గడువు ముగిసి పోటీ వచ్చాకే ధర దిగింది.

రెండంచులు ఊరేగుతున్నా ఒంటి అంచు మూలన పడలేదు. బ్రూక్లిన్‌లో తయారైన జెమ్, ఎవర్-రెడీ రేజర్లు దశాబ్దాలపాటు నడిచాయి. అమెరికా సైన్యంలో పనిచేసిన జేకబ్ షిక్ వేలు తగలకుండానే కొత్త బ్లేడు లోపలికి, పాతది బయటికి పోయే ఇంజెక్టర్ పద్ధతి తెచ్చాడు. జెమ్ బ్లేడు మందం జిల్లెట్ రకానికి రెట్టింపు పైమాటే, వెన్నుకు ఉక్కు తొడుగు కూడా ఉంటుంది. అందుకే అది వంగదు, వణకదు. దాని రేజర్ తలను కీలు దగ్గర తెరిచి బ్లేడు జారవిడిచి మూసేస్తే చాలు. విప్పి బిగించే మరలేమీ లేవు. తలుపు గొళ్లెం పడినట్టు ఓ చప్పుడు వస్తుంది. ఎనభై తొంభై ఏళ్ల కిందట చేసిన ఇత్తడి సరుకు ఇప్పటికీ అదే చప్పుడు చేస్తుందంటే ఆనాటి పనివాళ్లకు దండం పెట్టాల్సిందే.

వీటన్నిటిలో ముచ్చటైనది ఇంగ్లండ్ వాళ్ల రోల్స్ రేజర్. అరచేతిలో ఇమిడే లోహపు పెట్టె. ఒక మూత లోపల సానరాయి, రెండో మూత లోపల తోలు. మధ్యలో ఒకే ఒక్క దళసరి బ్లేడు. పెట్టెకున్న పిడిని ముందుకూ వెనక్కూ లాగితే బ్లేడు తనంతట తానే అటూ ఇటూ తిరిగి తోలు మీద పదును పెట్టుకుంటుంది. గడ్డం గీసుకునేటప్పుడు అదే బ్లేడును బయటికి తీసి వేరే పిడికి తగిలించాలి. ఒక్క బ్లేడు ఏళ్లతరబడి వచ్చేది. రోజూ ఉదయాన్నే ఆ చకచక శబ్దం ఇంటిల్లిపాదికీ అలారంలా పనిచేసి ఉంటుంది. రేజర్ బాగానే ఉంది కానీ కంపెనీ జాతకమే బాగాలేదు. జాన్ బ్లూమ్ అనే వ్యాపారి చేతికి వెళ్లి వాషింగ్ మెషీన్లు అమ్మడం మొదలుపెట్టి 1964లో దివాలా తీసింది. గడ్డాలు గీసి బతికిన సంస్థను బట్టలుతికే యంత్రం ముంచింది!

ఇలాంటి పాత సరుకు హైదరాబాద్ జుమేరాత్ బజార్‌లోనో, అహ్మదాబాద్‌లో ఆదివారాలు సాగే గుజరీ బజార్‌లోనో తుప్పుపట్టిన తాళాల మధ్య దొరికితే అదృష్టమే. కొనేముందు చూడాల్సినవి కొన్ని ఉన్నాయి. బ్లేడును పట్టి ఉంచే చిన్న కొక్కేలు విరిగి ఉండకూడదు. తల మూస్తే కదలకూడదు. పూత ఊడినా ఫరవాలేదు, అంచు పళ్లు వంగితే మాత్రం చర్మానికి చేటు. పాత టూత్‌బ్రష్షు, సబ్బునీళ్లతో తోమితే చాలావరకు మెరుస్తుంది. బేకలైట్ పిడి ఉన్నదాన్ని శుభ్రం చేద్దామని మరిగే నీళ్లలో పడేయకూడదు, పిడి పాడవుతుంది. అసలు చిక్కు బ్లేడ్లతో వస్తుంది. జెమ్ రకం బ్లేడుగానీ, జపాన్‌లోని సెకి పట్టణపు ఫెదర్ కంపెనీ చేసే దళసరి ఒంటి అంచు బ్లేడుగానీ పక్క వీధి కిరాణా కొట్లో దొరికేవి కావు. రేజర్ కంటే బ్లేడ్ల తపాలా ఖర్చే ఎక్కువవుతుంది. ఇక్కడే మళ్లీ క్షౌరశాల కత్తి గుర్తుకొస్తుంది. బ్లేడును విరిచి పెట్టుకునే కత్తిపిడి బజారులో కొన్ని వందల రూపాయల లోపే వస్తుంది. బ్లేడు రెండు మూడు రూపాయలు. విరిస్తే రెండు.

తెలుగిళ్లలో సగం బ్లేడు కొత్త వస్తువేమీ కాదు. పెన్సిల్ చెక్కడానికి, దర్జీ దగ్గర కుట్లు విప్పడానికి, మగ్గం దగ్గర దారం తెంపడానికి అదే. టోపాజ్, సెవెనోక్లాక్ అన్న పేర్లు వినని ఇల్లు ఉండేది కాదు. నాన్నలు కిటికీ ఊచకు చిన్న అద్దం తగిలించి, చెంబుడు నీళ్లు పక్కన పెట్టుకుని, గుండ్రటి సబ్బుబిళ్ల మీద బ్రష్షు తిప్పి గడ్డం గీసుకున్న తరం ఇంకా ఉంది. ఆ చెంబే ఓ బహుళజాతి సంస్థకు పాఠం చెప్పింది.

కథ చాలాసార్లు చెప్పుకున్నదే అయినా మళ్లీ చెప్పుకోదగ్గది. 2000ల తొలినాళ్లలో భారతీయుల కోసం ఓ కొత్త రేజర్‌ను జిల్లెట్ రూపొందించింది. వెంట్రుకలు ఇరుక్కుంటే తోసేసే ఏర్పాటు అందులో ఉంది. అమెరికాలోని ఎంఐటీలో చదువుతున్న భారతీయ విద్యార్థులకు ఇచ్చి చూస్తే అందరూ భేషన్నారు. తీరా ఇండియాలో అది విఫలమైంది. కారణం విద్యార్థులకు కొళాయి ఉంది, ఇక్కడివాళ్లకు చెంబే ఉంది. పారే నీళ్ల కింద కడిగితే పోయే వెంట్రుకలు చెంబులో ముంచితే పోవు. ఆ తర్వాత కంపెనీ మనుషులు భారతీయుల ఇళ్లకు వచ్చి, వాళ్లు గడ్డం గీసుకుంటుంటే గంటలకొద్దీ కూర్చుని చూశారు. ఫలితంగా 2010లో 'జిల్లెట్ గార్డ్' వచ్చింది. రేజర్ 15 రూపాయలు, కార్ట్రిడ్జ్ 5 రూపాయలు. అందులో ఉన్న బ్లేడ్లు ఎన్నో తెలుసా? ఒకటే. 1971లో రెండు, 1998లో మూడు, 2006లో అయిదు అంటూ లెక్క పెంచుకుంటూ పోయిన సంస్థ భారతీయుడి చెంబు ముందు మళ్లీ ఒకటి దగ్గర ఆగింది.

బ్లేడ్ల సంఖ్య పెరగడం వెనక ఒక లెక్క లేకపోలేదు. మొదటి బ్లేడు వెంట్రుకను కొంచెం పైకి లాగుతుంది, అది వెనక్కి జారేలోగా రెండోది ఇంకొంచెం కిందికి కోస్తుంది. చెంప అద్దంలా నున్నగా వస్తుంది. అయితే చర్మం మట్టం కన్నా దిగువన తెగిన వెంట్రుక, ముఖ్యంగా ఉంగరాల వెంట్రుక, తిరిగి మొలిచేటప్పుడు దారి తప్పి చర్మంలోకే దూసుకుపోతుంది. మెడ మీద ఎర్రటి పొక్కులు తేలేది అందుకే. అలాంటివాళ్లకు చర్మవైద్యులు ఒంటి బ్లేడును సూచించడం కొత్త కాదు. ఇక పొడవు పెరిగిన గడ్డం సంగతి తెలుగువాడికి వేరే చెప్పక్కర్లేదు. అయ్యప్ప మాల వేసుకుని 41 రోజులు కత్తి తగలనివ్వని గడ్డాన్ని, శబరిమల నుంచి తిరిగొచ్చిన మర్నాడు మూడు బ్లేడ్ల కార్ట్రిడ్జ్‌తో తీయబోయి చూస్తే తెలుస్తుంది. రెండు గీతలకే దాని సందులన్నీ పూడుకుపోతాయి. తెరిచి ఉన్న ఒంటి అంచుకు పూడుకుపోవడానికి సందే లేదు.

గడ్డంతో ఎంఐటీకి ఏదో రుణానుబంధం ఉన్నట్టుంది. వెంట్రుక ఉక్కు కన్నా యాభై రెట్లు మెత్తన. మరి దాన్ని కోసి కోసి ఉక్కు ఎందుకు మొద్దుబారుతోంది? ఈ ప్రశ్నకు అక్కడి పరిశోధకులు ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని కింద బ్లేడు పెట్టి వెతికిన జవాబు 2020 ఆగస్టులో 'సైన్స్' పత్రికలో వచ్చింది. అంచు నిదానంగా అరిగిపోవడం ఒక్కటే కాదు, ముక్కలుగా పెచ్చులూడుతోంది. వెంట్రుక వంగి బ్లేడుకు ఏటవాలుగా తగిలినప్పుడు, అంచులో ఉక్కు నిర్మాణం సమంగా లేని చోట, పెచ్చు లేస్తుంది. అంటే ఒకే వెంట్రుక ఎలా తగిలిందన్నదాన్ని బట్టి బ్లేడు ఆయుష్షు మారుతుంది. గడ్డాన్ని నీళ్లతో నానబెట్టి, ఎడమచేతి వేళ్లతో చర్మాన్ని సాగదీసి, కోణం చూసుకుని కత్తి ఆనించే పాతకాలపు పనివాడికి ఈ సంగతి చేతికి తెలుసు, నోటితో చెప్పలేదంతే.

ఇంతకీ సుఖం సంగతి. స్నానం తర్వాతైతే మంచిది. లేదంటే వేడినీళ్ల తువ్వాలు రెండు మూడు నిమిషాలు ముఖం మీద ఉంచాలి. నీరు పీల్చిన వెంట్రుక మెత్తబడి తక్కువ బలానికే తెగుతుంది. బ్రష్షు నానాలి, నీళ్లు పిండాలి, సబ్బు మీద తిప్పాలి, చెంప మీద చక్రాలు చుట్టాలి. నురగ పెరుగు మీగడలా నిలబడాలి. గాలి బుడగలు కనిపిస్తున్నాయంటే నీళ్లు ఎక్కువైనట్టు. అప్పుడు కత్తి. చర్మానికీ బ్లేడుకూ మధ్య ముప్ఫై డిగ్రీల వాలు. ఇందులో కీలకమైన మాట ఒకటే- నొక్కకూడదు. కార్ట్రిడ్జ్ అలవాటైన చెయ్యి నొక్కుతుంది, ఎందుకంటే అక్కడ నొక్కినా తప్పు కనిపించదు. ఇక్కడ వెంటనే ఎర్రటి చుక్క కనిపిస్తుంది. రేజర్ బరువే పని చేయాలి. మొదట వెంట్రుక వాలులో, మళ్లీ నురగ పూసి అడ్డంగా, ధైర్యం ఉంటే మూడోసారి ఎదురు. మొదటి నెల మూడోసారి జోలికి పోకపోవడమే మేలు. గడ్డం అన్ని చోట్లా ఒకేలా మొలవదు కూడా. చెంప మీద కిందికి, మెడ మీద పక్కకో పైకో, గొంతు దగ్గర సుడి. ముప్ఫై ఏళ్లుగా రోజూ అద్దంలో చూసుకుంటున్న ముఖమే అయినా వేలితో తడిమితే కానీ చాలామందికి ఈ సంగతి తెలియదు.

దళసరి ఒంటి అంచు రేజర్‌తో చెవికీ పని ఉంది. కోణం కుదిరినప్పుడు ఒక్కో వెంట్రుకా తెగుతున్న చిటపట వినిపిస్తుంది, ఎండుటాకు మీద చినుకులు పడ్డట్టు. చప్పుడు ఆగితే కోణం తప్పిందని అర్థం. ఫ్యాను కట్టేసి, ఫోను పక్క గదిలో పెట్టి గీసుకునేవాళ్లు ఉన్నారంటే ఇందుకే. చివర్లో చల్లటి నీళ్లు, తడి మొహం మీద పటిక. క్షౌరశాలల్లో తరతరాలుగా ఉన్న ఈ తెల్లటి రాయిని గుజరాత్‌లో 'ఫట్కడీ' అంటారు. అది మంచి పరీక్షాధికారి. ఎక్కడ నొక్కారో అక్కడే చురుక్కుమంటుంది. మొత్తానికి ఇరవై నిమిషాలు. ఆఫీసు బస్సు అందుకోవాల్సినవాడికి ఇది విలాసమే, కాదనలేం. ఆదివారంతో మొదలుపెట్టడం అందరికీ క్షేమం.

డబ్బు మిగులుతుందా అన్నది ఆ తర్వాతి ప్రశ్న. మూడు బ్లేడ్ల కార్ట్రిడ్జ్ ఒకటి వంద రూపాయలు దాటిన రోజుల్లో రెండు రూపాయల బ్లేడు జేబుకు క్షవరం కాకుండా కాపాడుతుందన్నది లెక్క ప్రకారం నిజం. లెక్క ప్రకారమే. ఈ సరదా పట్టినవాడు ఒక్క రేజర్‌తో ఆగడు. జెమ్ తర్వాత షిక్, షిక్ తర్వాత రోల్స్, తర్వాత ఎలుగుబంటిలాంటి బ్యాడ్జర్ జంతువు వెంట్రుకల బ్రష్షు, గంధం సబ్బు. మిగిలిన డబ్బు ఎక్కడుందో ఇంట్లో ఆడవాళ్లు అడిగితే చూపించడం కష్టం.

మరోపక్క కంపెనీలకూ గడ్డుకాలమే. 2017లో 'అర్జున్ రెడ్డి' వచ్చాక తెలుగు కుర్రాళ్ల చెంపలు రేజర్‌ను మరిచిపోయాయి. గడ్డం ఫ్యాషన్ ప్రపంచమంతటా అంతే. 2019లో ప్రాక్టర్ అండ్ గ్యాంబుల్ సంస్థ తన ఖాతాల్లో జిల్లెట్ విలువను ఏకంగా 800 కోట్ల డాలర్ల మేర తగ్గించుకుంది. విచిత్రమేమిటంటే గడ్డం పెంచినవాడికి క్షౌరశాల అవసరం తగ్గలేదు, పెరిగింది. గడ్డానికి అందం చెంప మీది గీతలో, మెడ దగ్గరి ఒంపులో ఉంటుంది. ఆ గీత ట్రిమ్మర్‌తో మొరటుగా, సగం బ్లేడుతో నిక్కచ్చిగా వస్తుంది. ఆ గీత తనకు తాను గీసుకోగలిగినవాళ్లు తక్కువ.

ఆ చెయ్యి ఎవరిదన్న దగ్గరే ఈ సరదా కథ కాస్త బరువెక్కుతుంది.

కామ్‌రేజ్ రోడ్డు దాటి వచ్చే వరాఛా ప్రాంతం వజ్రాల సానకు పుట్టిల్లు లాంటిది. ప్రపంచంలో సానపట్టే వజ్రాల్లో అత్యధికం సూరత్‌లోనే మెరుపు దిద్దుకుంటాయి. తిరిగే సానచక్రం ముందు కూర్చుని, కంటికి సరిగా ఆనని రాయిని సరైన కోణంలో ఆనించి ముఖాలు తీర్చేవాళ్లను ఒకప్పుడు 'హీరాఘసు' అనేవారు. వజ్రాలు రుద్దేవాడని అర్థం. ఆ మాటలోని తక్కువతనం నచ్చక క్రమంగా 'రత్నకలాకార్' అనడం మొదలైంది. ఇప్పుడు పత్రికలూ, ప్రభుత్వమూ ఆ మాటే వాడుతున్నాయి. పేరు మారినంత మాత్రాన బతుకు మెరిసిపోలేదు. ఇటీవలి సంవత్సరాల్లో గిరాకీ పడిపోయి వేలమంది పని పోగొట్టుకున్నారు. అయినా ఆ చేతిపనిని కళ అని సమాజం ఒప్పుకుంది.

సాన, కోణం, ఒత్తిడి, చూపు. ఇవే నాలుగూ క్షౌరవృత్తికీ పెట్టుబడి. పైగా వీళ్ల సాన తేడా వస్తే చెడేది రాయి కాదు, మనిషి గొంతు. కానీ తెలుగులో ఆ కత్తికి ఉన్న వాడుక పేరులోనే కులం ఉంది, ఆ కులం పేరు తిట్టుగానూ చలామణీ అయింది. ఊరి పన్నెండుమంది ఆయగాళ్లలో ఒకరిగా, పంటల కాలంలో కొలిచే మేర గింజల కోసం ఏడాదంతా ఇంటింటికీ పొది మోసిన వృత్తి అది. పెళ్లిలో సన్నాయి, డోలు వాయించిన చేతులూ అవే. నాయీబ్రాహ్మణులను కించపరిచే మాటలతో పిలిస్తే చర్యలు తప్పవని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2022లో ప్రత్యేకంగా ఉత్తర్వులు ఇవ్వాల్సి వచ్చింది. అంతకుముందు 2020లో 'చేదోడు' కింద క్షౌరశాలలున్నవారికి ఏటా పది వేల రూపాయల సాయం మొదలైంది. తెలంగాణలో 2021 ఏప్రిల్ నుంచి క్షౌరశాలలకు నెలకు 250 యూనిట్ల వరకు ఉచిత విద్యుత్ ప్రకటించారు. సాయం మంచిదే. మర్యాదకు సబ్సిడీ ఇవ్వడం మాత్రం ఏ ప్రభుత్వానికీ చేతనైన పని కాదు.

మర్యాద ఎటు పోతోందో చూస్తే తమాషాగా ఉంటుంది. పట్నంలో ఇంజనీరు ఒంటి అంచు కత్తితో గడ్డం గీసుకుంటే అది అభిరుచి. కత్తిపిడికి వాడిన లోహం గురించి, బ్లేడు పూత గురించి, నురగ చిక్కదనం గురించి గంటసేపు మాట్లాడగలడు. అదే మాట మీద జీవితమంతా నిలబడ్డవాడి కొడుకు వృత్తిలోకి రానంటున్నాడు, తండ్రీ వద్దనే అంటున్నాడు. 2019లో ఉత్తరప్రదేశ్‌లోని బన్వారీ టోలా అనే పల్లెలో, తండ్రి మంచాన పడితే మగపిల్లల వేషం వేసి క్షౌరశాల నడిపిన ఇద్దరు అక్కచెల్లెళ్ల చేత సచిన్ టెండూల్కర్ గడ్డం గీయించుకున్నాడు. అందులో రేజర్ కంపెనీ ప్రచారం ఉంది, నిజమే. కానీ ఆ కుర్చీలో మెడ ఎత్తి కూర్చోవడమంటే ఆ పిల్లల చేతిని నమ్మడమే కదా. అంతటి పెద్దమనిషి మెడను అప్పగించేసరికి ఊరు ఊరంతా చూసింది. రోజూ మెడ అప్పగించేవాళ్లం ఆ సంగతి గమనించం.

ఒంటి అంచుకు అతిపెద్ద కొలువు ఏ దేశంలో ఉందని అడిగితే అభిరుచిపరులు జపాన్ అనో అమెరికా అనో అంటారు. జవాబు తిరుమల. కల్యాణకట్టలో రేయింబవళ్లు వరుసల్లో కూర్చున్న భక్తుల తలల మీద నడిచేది బ్లేడు కత్తే. అక్కడ నురగ లేదు, గంధం సబ్బు లేదు, ముప్ఫై డిగ్రీల ఉపన్యాసం లేదు. నీళ్లు చల్లిన తల, క్షణాల్లో గుండు. ఏడుస్తున్న చంటిబిడ్డ తల ఎటు తిరిగితే అటు కత్తీ తిరుగుతుంది. 2022-23లో తలనీలాల అమ్మకం ద్వారానే 126 కోట్ల రూపాయలు వస్తాయని తితిదే బడ్జెట్‌లో అంచనా వేసుకుంది. ఆ కోట్లు మొదలయ్యేది ఒక మణికట్టు వాలు దగ్గర.

అయితే ఈ చెయ్యి నుంచీ కొంత నేర్పు జారిపోయింది. మడత కత్తిని తోలు మీద లాగి పదును పెట్టుకున్న రోజుల్లో ఒకే కత్తి ఊరందరి గడ్డాలకూ తిరిగేది. ఎయిడ్స్, హెపటైటిస్ భయం 1990లలో ఊరూరికీ పాకాక కత్తి పోయి సగం బ్లేడు వచ్చింది. మంచిదే జరిగింది. కుర్చీలో కూర్చున్నవాడు కొత్త బ్లేడు విరిచారా లేదా అని కంటితో చూసి మరీ నిర్ధారించుకోవడం నేర్చుకున్నాడు, ఇప్పటికీ చూసుకోవాలి. కానీ సానపట్టడం తెలిసిన పెద్దలు ఒక్కొక్కరే తగ్గిపోయారు. ఇవాళ జుమేరాత్ బజార్‌లో పాత కత్తి కొన్నవాడికి దాన్ని పదును పెట్టి ఇచ్చే మనిషి దొరకడం కత్తి దొరకడం కంటే కష్టం. దొరికితే బేరమాడకుండా అడిగినంత ఇచ్చి, పక్కన కూర్చుని చూడటం మంచిది. కత్తి అంచునూ వెన్నునూ ఒకేసారి రాయికి ఆనించి, అంచు ముందుకు నడిపే ఆ వాటం పుస్తకాల్లో చదివితే వచ్చేది కాదు. తోలు మీద మాత్రం వెన్ను ముందు, అంచు వెనక. అది తలకిందులైతే తోలూ పోతుంది, పదునూ పోతుంది.

ఇంట్లో మొదలుపెట్టేవాళ్లు పాటించాల్సింది ఇంకొకటుంది, దీన్ని ఏ రేజర్ పెట్టె మీదా ముద్రించరు. విరిచిన బ్లేడుకు రెండు కొనలు, ఒక అంచు. అయిదారు గడ్డాల తర్వాత వెంట్రుకకు మొద్దుబారుతుంది కానీ వేలికి కాదు. గోడ అవతలికి విసిరినదైనా, చెత్తబుట్టలో వేసినదైనా చివరికి చేరేది పారిశుద్ధ్య కార్మికుల అరచేతిలోకే. అమెరికాలో పాత ఇళ్ల అద్దాల బీరువా వెనక గోడలో సన్నటి చీలిక ఉండేది, వాడిన బ్లేడు అందులోంచి గోడ లోపలికి జారిపోయేది. ఇక్కడ అంత హంగు అక్కర్లేదు. ఖాళీ అయిన రేకు పౌడర్ డబ్బా ఒకటి చాలు, మూత దగ్గర సన్నటి గాటు పెట్టి టేపు చుట్టాలి. వారానికో సగం బ్లేడు చొప్పున వేస్తే అది నిండటానికి ఏళ్లు పడుతుంది. నిండాక పాత ఇనుప సామాన్లు కొనేవాడికి, లోపల ఏముందో చెప్పి మరీ ఇవ్వాలి.